ఆరు నిమ్మకాయలు, ఒక విడిభాగం

“దసరా నాటికి ఈ బడిలో చదివే ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తన సొంత చేత్తో ఒక భౌతికశాస్త్ర ప్రయోగం చేసి తీరతారు. ఇది కాకరమెట్ట ఇస్తున్న మాట. ఇక్కడ చప్పట్ల కోసం కాస్త ఆగవలెను.”

కిందటి జూలై పద్నాలుగో తేదీన, కాకరమెట్ట ఉన్నత పాఠశాలలో ప్రయోగశాల ప్రారంభోత్సవం నాడు, బడి కమిటీ అధ్యక్షుడు దాలినాయుడు గారు మైకులో పలికిన మాటలివి. ఆఖరి వాక్యం కూడా ఆయనే పలికారు. ఉపన్యాసం రాసిచ్చిన హెడ్మాస్టరు కూర్మారావు గారు దాన్ని కాగితం మీద రాశారు, కాగితం మీద ఉన్నదంతా చదవమన్నారు. జనం కూడా బుద్ధిమంతులే. చప్పట్లు కొట్టలేదు. కాస్త ఆగారు.

కాకరమెట్ట వాళ్ళకి తమ తెలివి మీద ఎంత గర్వమంటే, పక్క ఊళ్ళ వాళ్ళని చూసి జాలి పడతారు. “మిగతా ఊళ్ళోళ్ళు సెప్పినదాన్లో సగం వింటారు, విన్నదాన్లో సగం సేస్తారు. మనం అలాక్కాదు. రాసింది రాసినట్టు సేస్తాం” అంటారు దాలినాయుడు గారు మీసం సవరించుకుంటూ. కమిటీ తరఫున చదివే పని నీలవేణమ్మ గారిది. ఆవిడ ఏడో తరగతి ప్యాసయ్యారు. కళ్ళజోడు పెట్టుకుని కనబడిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతారు, మందు సీసా మీది కంపెనీ చిరునామాతో సహా. ఇక కూర్మారావు గారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పైనుంచి కాగితం రాకుండా ఒక్క పనీ చేయలేదనీ, కాగితం వచ్చాక దాని మీద ఒక్క ప్రశ్నా వేయలేదనీ ఆయనే చెప్పుకుంటారు. శాస్త్రీయ దృక్పథాన్నీ ప్రశ్నించే గుణాన్నీ పెంచుకోవడం పౌరుడి విధి అని మన రాజ్యాంగం రాసుకుంది. ఆ ముక్క ఏ అట్టపెట్టె మీదో అచ్చు వేసి ఉంటే కాకరమెట్ట అదీ పాటించేది.

ఆ రోజు మైకుకి ఎదురుగా మూడో వరుసలో కుసుమ కూర్చుని ఉంది. పదో తరగతి. తల్లి సింహాచలం ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. జిల్లా కేంద్రంలో సైన్సు గురుకుల కళాశాల ఒకటుంది. అందులో సీటు వస్తే రెండేళ్ళు చదువూ తిండీ బసా అన్నీ వాళ్ళవే. రాకపోతే కుసుమ చదువు పదితో సరి, ఆపైన జీడిపప్పు ఒలిచే షెడ్డు. సీటు రావాలంటే ముందు రాత పరీక్ష, తర్వాత చేతి పరీక్ష. లోలకం, కటకం, విద్యుత్ వలయం, ఈ మూడింట్లో ఏది ఇస్తే అది అధికారుల ముందు చేసి చూపించాలి. రాత పరీక్ష సంగతి కుసుమకి భయం లేదు. పుస్తకం మొత్తం ఆ పిల్ల నాలిక మీద ఉంది. చేతి పరీక్షే కష్టం. అంతవరకూ ఆ పిల్ల కటకాన్ని బొమ్మలో తప్ప చూడలేదు. అందుకే నాయుడు గారి మాట విని అందరూ కాస్త ఆగినప్పుడు, ఒక్క కుసుమ మాత్రం చప్పట్లు కొట్టింది.

అసలు ఆ ప్రయోగశాల ఎలా పుట్టిందో చెప్పాలి. జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి ఒక వ్యాను వచ్చింది. డ్రైవరు ఆరు పెట్టెలు గేటు దగ్గర దించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పెట్టెల మీద పెద్ద అక్షరాలు.

“ఏటి రాసుంది నీలవేణమ్మా?”

“జాగ్రత్త, కదిలించరాదు అని ఉంది నాయుడు గారూ.”

“అయితే కదిలించకూడదు.”

సైన్సు చెప్పే సుభద్ర టీచరు ముందుకొచ్చారు. “గట్టిగా కుదపొద్దని అండీ దాని అర్థం. మెల్లగా మోసుకెళ్ళి లోపల పెట్టుకోవచ్చు.”

“మోసుకెల్తే కదలవేటి టీచరమ్మా?” అన్నారు నాయుడు గారు.

చలనం మీద మూడు పాఠాలు చెప్పే టీచరు పెట్టెల వైపు ఒకసారి, నాయుడు గారి వైపు ఒకసారి చూసి తరగతికి వెళ్ళిపోయారు. అంతే. పెట్టెలు గేటు మధ్యలో ఉండిపోయాయి. రెండో రోజు మబ్బు పట్టింది. తడవకూడదని కూడా పెట్టెల మీద ఉంది. ఇంకేముంది, తాపీ మేస్త్రీలు వచ్చారు, పెట్టెల చుట్టూ నాలుగు గోడలు లేచాయి, పైన రేకులు పడ్డాయి. “ఎక్కడైనా గది కట్టి పెట్టెలు తెస్తారు. మనం పెట్టెలు తెచ్చి గది కట్టినాం” అని నాయుడు గారు ఊరంతా చెప్పుకున్నారు. బడి గేటు ఆ గదిలోకి వెళ్ళిపోయింది. ప్రయోగశాల ముందు తలుపులోంచి లోపలికొచ్చి, వెనక తలుపులోంచి పోతే తప్ప పిల్లలకి బడి లేదు. కూర్మారావు గారు పైకి నివేదిక పంపారు: “విద్యార్థులందరూ రోజుకు రెండు పర్యాయములు ప్రయోగశాలను సందర్శించుచున్నారు.” ఇలాంటి హాజరు జిల్లాలో ఏ బడికీ లేదట. పైవాళ్ళు మెచ్చుకున్నారు.

ప్రారంభోత్సవం అయింది, పెట్టెలు విప్పారు. ప్రతి పెట్టెలో ఒక సూచనల కాగితం. నీలవేణమ్మ గారికి పండగే.

“పరికరాలకు ఎండ, దుమ్ము, తేమ తగలనివ్వరాదు.”

అంతే. కిటికీలకి ఇటుకలు పెట్టి మూసేశారు. గది చీకటి గుయ్యారమైపోయింది. ఇప్పుడు చూస్తే ఒక పెట్టెలో సోలార్ పలక, దానికో చిన్న దీపం, ఒక బొమ్మ ఫ్యాను ఉన్నాయి. పలకని గోడకి తగిలించి ముగ్గురూ దాని ముందు కూర్చున్నారు. దీపం వెలగలేదు.

“ఎండలో పెట్టాలండీ” అన్నారు సుభద్ర టీచరు.

“ఎండ తగలరాదని చదివాను కదమ్మా ఇప్పుడే” అన్నారు నీలవేణమ్మ గారు.

“అది కటకాల పెట్టెలోని కాగితం అండీ.”

“అన్ని పెట్టెలూ ఒక్క ఆఫీసు నుంచి వచ్చాయి. ఒకదానికో న్యాయం, ఇంకోదానికో న్యాయమా?”

సమానత్వం అంటే ఇదే. కూర్మారావు గారు మాత్రం కాస్త ఆలోచించి, ఇంటి నుంచి లాంతరు తెచ్చి పలక ముందు పట్టుకున్నారు. అరగంట పట్టుకున్నారు. చేయి మారుస్తూ పట్టుకున్నారు. తర్వాత పైకి రాశారు: “పంపిన సోలార్ దీపం, లాంతరు సాయమున్నప్పుడు మాత్రమే కనబడుచున్నది.”

పెద్ద పెట్టెలో డిజిటల్ బోర్డు వచ్చింది. వేలితో తాకితే పాఠం వచ్చే బోర్డు. గ్రహాలు తిరుగుతాయట, అణువులు ఊగుతాయట, పల్లెకీ పట్నానికీ మధ్య గోడ కూలిపోతుందట. గోడ సంగతి తర్వాత, ముందు ప్లగ్గు పెట్టాలి కదా. ప్లగ్గు పెట్టే ముందు చదవాల్సిన వాక్యం ఒకటుంది: “ఈ పుస్తకంలోని సూచనలన్నీ పూర్తిగా చదివిన తర్వాతే విద్యుత్తు కలపండి.” పుస్తకం నూట నలభై పేజీలు. తెలుగు పన్నెండు పేజీలే. నీలవేణమ్మ గారు ఒక్క పూటలో ఊదేశారు. మిగతావి తమిళం, బెంగాలీ, గుజరాతీ, ఇంకా తలకిందులుగా పట్టుకున్నా తేడా తెలియని లిపులు.

“అన్నిట్లోనూ ఒకటే ఉంటుందండీ” అన్నారు సుభద్ర టీచరు నీరసంగా.

“మీరు చదివారా?” అన్నారు కూర్మారావు గారు.

“లేదు.”

“మరి ఒకటే ఉందని ఎలా తెలుసు?”

ప్రశ్నించే గుణం ఆయనలో మేలుకున్నది ఆ ఒక్క రోజే. తమిళం పేజీలు అరటిపళ్ళ లారీ డ్రైవరొకడు చదివి పెట్టాడు. బెంగాలీ దగ్గర పని ఆగిపోయింది. కాకరమెట్టలో బెంగాలీ వచ్చినవాడు లేడు. ఇప్పటికీ రైల్వే గేటు దగ్గర ఒక బోర్డు ఉంది: “బెంగాలీ, గుజరాతీ చదువుట వచ్చినవారు బడిలో సంప్రదించగలరు.” అంతవరకూ పల్లెకీ పట్నానికీ మధ్య గోడ అలాగే ఉంటుంది.

ఆగస్టులో కుసుమ ధైర్యం చేసి అడిగింది. “టీచర్, లోలకం ఒక్కసారి ఊపి చూస్తానండీ. ఇరవై ఊపులు లెక్కపెట్టాలి.”

సుభద్ర టీచరు ఆ పిల్లని తీసుకుని వెళ్ళేసరికి లోలకం గుండుని నాలుగు వైపుల నుంచీ కొబ్బరి తాడుతో బిగించి కట్టి ఉంది.

“ఇదేంటి సార్?”

“కదిలించరాదు కదమ్మా. గాలికి ఊగుతోంది. నేనే కట్టించాను” అన్నారు కూర్మారావు గారు. “చూడమ్మా కుసుమా, నీకు కావలసింది లెక్కే కదా. అలా కూర్చుని ఎన్ని ఊపులు వస్తే అన్ని లెక్కపెట్టుకో. నేనేం అడ్డం రాను.”

కుసుమ పావుగంట కూర్చుంది. నోటుపుస్తకంలో రాసింది: ఊపులు, సున్న. కూర్మారావు గారు పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. “లెక్క సరిగ్గా ఉంది” అన్నారు. ఆయన ఇచ్చిన మార్కుల్లో అన్యాయం లేదు.

లోలకం కదలకుండా కుదురుకుందిగాని, దిక్సూచి ముల్లు మాత్రం ఒకటే వణుకు. అది ఎల్లప్పుడూ ఉత్తరం చూపుతుందని ఏడో తరగతి పుస్తకంలోనే ఉంది. వణికితే ఎల్లప్పుడూ ఎలా అవుతుంది? నాయుడు గారు అద్దం మూత తీయించి, ముల్లు ఉత్తరానికి తిరిగి నిలబడిన క్షణం చూసి, దాని కింద ఒక బొట్టు బంక వేశారు. అంతే. వణుకు పోయింది. సుభద్ర టీచరు చూసి తల పట్టుకున్నారు.

మర్నాడు గది ఊడ్చేటప్పుడు బల్లని పక్కకి తిప్పారు. ముల్లు వంటషెడ్డు వైపు చూపించింది.

“ఉత్తరం అటు పోనాదేటి మేస్టారూ?” అన్నారు నాయుడు గారు.

“దిక్సూచి ఎల్లప్పుడూ ఉత్తరమే చూపుతుందండీ. అచ్చులో ఉంది. కనక ఉత్తరం అటే.”

“అయితే పొయ్యి ఉత్తరం పక్క ఉన్నట్టే కదా. వంట ఆగ్నేయంలో ఉండాల.”

ఇంకేముంది, సింహాచలం పొయ్యి పీకి ఇంకో మూలకి మార్చింది. మూడో నాడు మళ్ళీ ఊడ్చారు, మళ్ళీ బల్ల తిరిగింది, మళ్ళీ పొయ్యి లేచింది. వారంలో నాలుగుసార్లు.

“నాయుడు బాబూ, సూర్యుడు రోజూ ఆ కొబ్బరిసెట్ల కాడే లేస్తన్నాడు కదా. ఆడికి తెలవదేటి తూరుపేదో?” అంది సింహాచలం, బొగ్గు చేతులు కొంగుకి తుడుచుకుంటూ.

“సూర్యుడు మబ్బేస్తే కనబడడు. దిక్సూచి ఎప్పుడూ కనబడతాది. దేన్ని నమ్మాల?”

సింహాచలం మళ్ళీ పొయ్యి ఎత్తింది. నూట ఎనభై ఏడు మంది పిల్లల అన్నం ఆ రోజు మూడు గంటలకి ఉడికింది.

దసరా వచ్చింది. మాట ఇచ్చిన దసరా. మన వైపు ఆయుధపూజ నాడు పనిముట్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ పెడతాం కదా. మేస్త్రీ తాపీకి పెడతాడు, ఆటోవాడు ఆటోకి పెడతాడు. బడి పనిముట్లు ఏం పాపం చేశాయి? ముగ్గురూ పూనుకున్నారు. పట్టకానికి పసుపు. దర్పణం మధ్యలో రూపాయి కాసంత బొట్టు. కటకానికి ముందూ వెనకా దట్టంగా పసుపు, ఎందుకంటే దానికి రెండు ముఖాలున్నాయని పుస్తకంలో ఉంది. ఒక్కో పెట్టె సామాను ముందూ ఒక్కో నిమ్మకాయ.

అంతలో కూర్మారావు గారికి మాట గుర్తొచ్చింది. “నాయుడు గారూ, దసరా నాటికి ప్రతి పిల్లా సొంత చేత్తో అని మాటిచ్చాం కదండీ. రేపటితో గడువు అయిపోతుంది.”

“సొంత సేత్తో బొట్టు పెట్టించండి. సేత్తోనే కదా అన్నాం.”

నూట ఎనభై ఏడు మందినీ వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరూ రావడం, కుంకం అద్దడం, పోవడం. మనిషికి మూడు సెకన్లు. కుసుమ వంతు వచ్చింది. కటకం మీద వేలు పెట్టింది. చల్లగా ఉందో, అంచు ఎంత మందంగా ఉందో తెలుసుకుందామని వేలు అక్కడే ఉంచింది. “జరగమ్మా, వెనకాల జనం ఉన్నారు” అన్నారు నీలవేణమ్మ గారు. అంతే. కాకరమెట్ట మాట నిలబడిపోయింది. నివేదిక వెళ్ళింది: “నూట ఎనభై ఏడుగురు విద్యార్థులు స్వహస్తములతో.” స్వహస్తములతో ఏం చేశారో ఆ గడిలో రాయడానికి చోటు లేదట.

పూజ చేసిన వస్తువుల్ని పంతులు గారు వచ్చి ఉద్వాసన చెప్పందే తుడవకూడదన్నారు. పంతులు గారు కాశీ వెళ్ళారు. పసుపు ఆరి పెచ్చు కట్టింది.

మూడో రోజు సాయంత్రం సుభద్ర టీచరు, కుసుమ ఆ చీకటి గదిలో కూర్చుని ఉన్నారు. తాకడానికి వీల్లేని వస్తువుల మధ్య తాకడానికి అభ్యంతరం లేనివి ఆరే ఉన్నాయి. నిమ్మకాయలు.

“వీటి గురించి ఏ కాగితంలోనూ రాయలేదు కదండీ టీచర్?” అంది కుసుమ.

టీచరు నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వారు. రేకులకి కొట్టగా మిగిలిన జింకు పూత మేకులు ఆరు, పాత మోటారులోంచి తీసిన రాగి తీగ ముక్కలు, వినాయకుడి పందిరి సీరియల్ సెట్టులోంచి ఊడిన చిట్టి ఎర్ర దీపం. ప్రతి నిమ్మకాయకీ ఒక పక్క మేకు, ఒక పక్క రాగి. ఒకదాని మేకుని ఇంకోదాని రాగికి కలుపుతూ ఆరింటినీ వరసగా గొలుసు కట్టింది కుసుమ. దీపం కలిపింది. వెలగలేదు. తీగలు తిరగేసి కలిపింది. దీపంలో మిణుకుమని ఎరుపు. బయట వెలుతురులో అయితే కనబడేదే కాదు. కిటికీలు మూసిన పుణ్యం అదొక్కటీ దక్కింది.

ఆ పిల్ల ఇంకాస్త దగ్గరకి జరిగింది. తీగ తీసింది, ఆరింది. పెట్టింది, వెలిగింది. ఇరవైసార్లు తీసి పెట్టింది. విద్య హక్కే గాని భిక్ష కాదని మనం గోడల మీద రాస్తాం. ఆ రాత్రి ఆ గోడల మధ్య ఆ హక్కు ఒక నిమ్మకాయంత వెలుగు వెలిగింది. నాకు దాన్ని మించిన నినాదం తెలియదు.

మర్నాడు కమిటీకి తెలిసింది. ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు.

“పూజ నిమ్మకాయల్లో కరెంటా?” అన్నారు నీలవేణమ్మ గారు, దణ్ణం పెట్టాలో వద్దో తేల్చుకోలేక.

“ఈ బడిలో పని సేస్తన్న వస్తువు ఇదొక్కటే” అన్నారు నాయుడు గారు. ఆయన జీవితంలో అన్న ఒకే ఒక్క నిజం అది. “అయితే పిల్లని పక్కకి జరగమను. వస్తువు తనంతట తను పని సేస్తాదో లేదో సూద్దాం.”

కూర్మారావు గారు తీగలు ఊడదీసి మళ్ళీ కలిపారు. తిరగబడ్డాయి. వెలగలేదు.

“ఆ దీపానికి కరెంటు ఒక వైపు నుంచే వెళ్తుందండీ. తీగలు మార్చండి” అన్నారు టీచరు.

“తీగలు మార్చమని ఎక్కడ రాసుంది?”

నిమ్మకాయతో కాగితం రాదు కదా. ఎక్కడా రాసి లేదు. ఆయన అలాగే రెండోసారి కలిపారు, మూడోసారి కలిపారు. వెలగలేదు. కుసుమ వచ్చి తీగలు మార్చింది. వెలిగింది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“మూడుసార్లు పిల్ల లేకుండా చూశాం, వెలగలేదు. ఒకసారి పిల్ల ఉండగా చూశాం, వెలిగింది” అన్నారు కూర్మారావు గారు మెల్లగా. “అంటే ఈ పిల్ల కూడా అందులో ఒక భాగం.”

చూశారా, పరిశీలన, ప్రయోగం, నిర్ధారణ. శాస్త్రీయ పద్ధతి కాకరమెట్టలో అడుగు పెట్టనే పెట్టింది. ఆ సాయంత్రమే ప్రయోగశాల జాబితాలో కొత్త వస్తువు చేరింది: “నిమ్మ విద్యుత్ పరికరము. విడిభాగములు: నిమ్మకాయలు ఆరు, మేకులు ఆరు, రాగి తీగలు ఏడు, దీపము ఒకటి, కుసుమ ఒకటి.” ఒక్కో భాగానికీ తెల్ల చీటీ మీద నంబరు వేసి అంటించారు. కుసుమ పుస్తకాల సంచికి అంటించిన నంబరు ఇరవై ఒకటి. మిగతావి బీరువాలో పెట్టి తాళం వేశారు.

నియమం ఒకటి ముందునుంచీ గోడ మీద ఉంది. ప్రయోగశాల వస్తువులు గాని, వాటి విడిభాగాలు గాని అనుమతి లేకుండా బడి ఆవరణ దాటరాదు. సాయంత్రం గంట కొట్టారు. కుసుమ గేటు దగ్గర, అంటే ప్రయోగశాలలోనే, ఆగిపోయింది. తల్లి గిన్నెలు కడిగి వచ్చింది.

“ఇక్కడ సంతకం పెట్టి తీసికెల్లు సింహాచలం. పొద్దున్న తెచ్చి అప్పగించు” అన్నారు నాయుడు గారు.

“నా కూతుర్ని నాను ఇంటికి తీసికెల్లడానికి సంతకమేటి బాబూ?”

“కూతురు నీదే. ఎవులు కాదన్నారు? విడిభాగం బడిది.”

“కూతురు ఇంటికెల్లి విడిభాగం ఇక్కడ ఉండిపోద్దేటి మరి?”

నాయుడు గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. అది కుదురుతుందేమోనని హెడ్మాస్టరుని అడిగారు కూడా. చివరికి సింహాచలం వేలిముద్ర వేసి కూతుర్ని తీసుకెళ్ళింది. అప్పట్నుంచీ రోజూ ఇదే తంతు. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలని ఇంకో నియమం. ఒక పొద్దున్న కూర్మారావు గారు కళ్ళజోడు సర్దుకుని అడిగారు: “నిన్న సాయంత్రం రెండు జడలు ఇచ్చి పంపాం. ఈరోజు ఒకటే వచ్చింది. రెండోది ఏదమ్మా?” సింహాచలం అక్కడే కూర్చుని, కూతురి జుట్టు విప్పి, రెండు పాయలు తీసి, రెండు జడలు అల్లి లెక్క అప్పజెప్పింది.

కుసుమ రాత పరీక్ష బడిలోనే జరిగింది కాబట్టి గండం గడిచింది. జనవరిలో ఫలితం వచ్చింది. జిల్లాలో నాలుగో స్థానం. చేతి పరీక్ష ఫిబ్రవరి పన్నెండున, జిల్లా కేంద్రంలో. సొంతంగా హాజరు కావాలి. రాకపోతే సీటు తర్వాతి వాళ్ళకి.

ఊళ్ళో సంబరం. నాయుడు గారు మిఠాయి పంచారు. అబద్ధం ఎందుకు, ముగ్గురూ మనసారా సంతోషించారు. సంతోషించి, ఆనక గోడ మీది నియమం చదువుకున్నారు. బస్సు చార్జీకి నేనిస్తానని సుభద్ర టీచరు అన్నారు. చార్జీ గొడవ కాదమ్మా, ఆవరణ గొడవ అన్నారు కూర్మారావు గారు. ఆయన పైకి రాసిన ఉత్తరం నకలు నేను చూశాను: “ఇందుమూలముగా మనవి చేయునది. విడిభాగము నంబరు ఇరవై ఒకటిని ఫిబ్రవరి పన్నెండవ తేదీన జిల్లా కేంద్రమునకు తరలించుటకు అనుమతి కోరడమైనది.”

కాకరమెట్టని చూసి నవ్వడం సులువు. ఆ ఉత్తరానికి జవాబు వచ్చిన బల్ల మాత్రం జిల్లా కేంద్రంలోనే ఉంది. అక్కడ డిగ్రీలున్నాయి, ఏసీ ఉంది, గోడ మీద శాస్త్రవేత్తల పటాలున్నాయి. ఆ బల్ల దగ్గర ఒక్కరంటే ఒక్కరు, కుసుమ అనేది మనిషి పేరులా ఉందే అనుకోలేదు. జాబితా చూశారు, నంబరు సరిపోయింది, ముద్ర వేశారు: “అనుమతించడమైనది. సదరు విడిభాగమును అది వచ్చిన అసలు పెట్టెలోనే భద్రముగా ప్యాక్ చేసి పంపవలెను.”

నీలవేణమ్మ గారు పైకి చదివారు. తర్వాత వంటషెడ్డుకి వెళ్ళి, ఎంతో మర్యాదగా అడిగారు: “సింహాచలం, ఈ పిల్ల ఏ పెట్టెలో వచ్చిందమ్మా?”

సింహాచలం గరిటె దించింది. “నా కడుపులోన వచ్చినాది. కోసిమ్మంటారేటి?”

కూర్మారావు గారు ఫైలులో రాసుకున్నారు: “అసలు ప్యాకింగు తల్లి వద్ద గలదు. ఇచ్చుటకు నిరాకరించుచున్నది.”

అసలు పెట్టె లేకపోతే అదే కొలతతో కొత్తది చేయించవచ్చని ఎక్కడో ఉందట. ఇంకేముంది, వడ్రంగిని పిలిచారు. నిన్న మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కుసుమని గోడకి నిలబెట్టి టేపు పెడుతున్నాడు. నాలుగడుగుల పదంగుళాలు. నాయుడు గారు దగ్గరుండి పర్యవేక్షిస్తున్నారు.

“పిల్లకి ఊపిరాడొద్దేటి? రెండు కన్నాలెట్టు.”

“కన్నాలు పెడితే దుమ్ము వెళ్తుందండీ. దుమ్ము తగలరాదు” అన్నారు కూర్మారావు గారు.

“పోనీ, కన్నాలకి గుడ్డ కడితే?” అన్నారు నీలవేణమ్మ గారు.

గుడ్డ తడిదా పొడిదా అన్న దగ్గర చర్చ ఆగి ఉంది. తేమ తగలరాదు కదా. కుసుమ మాత్రం టేపు మెడ కిందికి వస్తే గడ్డం ఎత్తి, చేతిలో నోటుపుస్తకం చదువుకుంటూనే ఉంది. చివర్లో తలెత్తి అంది: “పెట్టెలోనైనా వస్తాను బాబూ. పన్నెండో తేదీ పొద్దున్న తొమ్మిది లోపు అక్కడ దింపితే చాలు. కానీ మూత తియ్యమని పైన రాయండి. రాయకపోతే మీరు తియ్యరు.”

నాయుడు గారు నిజమేనన్నట్టు తలూపి, వడ్రంగిని మూత మీద అక్షరాలకి చోటు వదలమన్నారు.

అందుకని, కాకరమెట్ట బడి కమిటీకీ, జిల్లా కేంద్రంలో ముద్ర వేసిన ఆ బల్లకీ నాది ఒక్కటే ప్రశ్న. కుసుమ విద్యార్థా, విడిభాగమా? జవాబు కావాలన్నాను కదా అని కాగితం మీద “జవాబు” అని రాసి పంపకండి. రెండు మాటల్లో ఏదో ఒకటి రాయండి. విద్యార్థి అయితే ఆ పిల్లని సుభద్ర టీచరుతో బస్సెక్కించండి. విడిభాగమే అయితే ఆ సంగతి మీ సంతకాలతో రాసివ్వండి, దాన్ని ఊరూరా నేను చదివి వినిపిస్తాను. గడువు ఫిబ్రవరి పదకొండు, సాయంత్రం అయిదు గంటలు. ఏ సంవత్సరమని మళ్ళీ పైకి ఉత్తరం రాస్తారేమో, అది కూడా చెబుతున్నాను: ఈ సంవత్సరం ఫిబ్రవరి పదకొండు.